నల్లరాళ్ళ దారిలో వదిన వెనక

మా వదిన పోయింది. ఆ సంగతి నాకు ఒక అరబ్బు కుర్రాడు తెలుగులో చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం. నమాజులు అయిపోయి షార్జా రోడ్లు మళ్ళీ నిండుతున్న వేళ. అల్ నహ్దాలో మా గదిలో ఆ రోజు వంట వంతు నాది. పప్పులో తాలింపు వేసి మూత పెడుతుండగా ఫోన్ మోగింది. "వదిన తొంగుంది. లెగట్లేదు. నువ్వు రా," అన్నాడు. అతనికి తెలుగులో చావు అనే మాట రాదు. మా వదిన నేర్పలేదు. చంటిపిల్లలకి ఆ మాట ఎవరు నేర్పుతారు? తినడం, తొంగోడం, లెగడం, రావడం, పోవడం. అతనికి వచ్చిన తెలుగంతా దాదాపు అంతే. ఆ కాసిని మాటల్లోనే అంత పెద్ద సంగతినీ ఎలాగో ఇరికించి చెప్పాడు.

గదిలో వాళ్ళే పొయ్యి కట్టేసి నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. కాస్త తేరుకున్నాక, మీతో అబద్ధమెందుకు, ఏడుపు కంటే ముందు ఇంకో సంగతి మనసులో తగిలింది. నాకంటే ముందు వాడికి తెలిసింది. ఆవిడ ఆఖరి నిద్ర నేను కాదు, వాడు చూశాడు.

నేను మంచినీళ్ళ బాటిళ్ళు వేసే వ్యాన్ నడుపుతాను. మా ముదీర్‌కి, అంటే కంపెనీ మేనేజరుకి ఫోన్ చేస్తే, బండి అలాగే తీసుకెళ్ళు, మనిషి కంటే బండి ఎక్కువా అన్నాడు. వెనక ఖాళీ బాటిళ్ళు సొరంగాలన్నిట్లో డబడబలాడుతుంటే కొండలు దాటి వదిన ఉండే ఖోర్ ఫక్కాన్ చేరాను. అంతటి దుఃఖంలో ఉన్న మనిషి అంత మోతతో రావడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. వదిన ఉంటే వాకిట్లోకి వచ్చి, "మేళం పెట్టుకొచ్చావేంట్రా," అని ఉండేది.

ఆవిడ మా ఇంటికి వచ్చేనాటికి నేను మూడో తరగతి. కోనసీమలో కాలవ పక్కన మా పేట. అమ్మానాన్నా లేరు, అన్నయ్యా నేనూ. నాకు ఇంత అన్నం వండే మనిషి కావాలని అన్నయ్య పెళ్ళి చేసుకున్నాడని అందరూ అనేవాళ్ళు. వదిన మాత్రం, "నిన్ను సూసే సేసుకున్నాన్రా చిన్నోడా, మీ అన్నయ్యనెవరు సూశారు," అనేది. అన్నయ్య పక్కనే కూర్చుని ఉన్నా సరే అనేది.

నన్ను పెంచడానికి ఆవిడ దగ్గర ఒకే ఒక పద్ధతి ఉండేది. తిట్టదు, కొట్టదు. ఎవడో ఒకణ్ణి చూపిస్తుంది. ఎదురింటి తాపీమేస్త్రీగారి అబ్బాయి రోజూ తలంటుకుంటాడంట. చర్చిలో కీర్తన పాడే పిల్లాడు ఎక్కాలు అప్పజెప్తాడంట. కాలవ అవతల ఎవడో కాకరకాయ కూర మారడిగి వేయించుకుంటాడంట. ఆ అవతలివాణ్ణి నేనెప్పుడూ చూడలేదు గానీ, వాడు ఎదురుపడితే మాత్రం తన్నాలని గట్టిగా ఉండేది.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. నేను చేతికి అందివచ్చిన కొన్నేళ్ళకి అన్నయ్య జ్వరంతో పోయాడు. ఆ పై ఏడాదే వదిన దుబాయ్ వెళ్ళింది. మా వైపు ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా దుబాయ్ వెళ్ళారనే అంటాం. ఆవిడ వెళ్ళింది ఖోర్ ఫక్కాన్‌కి, సముద్రం ఒడ్డున ఒక పెద్ద కుటుంబం ఇంట్లో పనికి. ఆ ఇంట్లో అప్పటికి నెలల పిల్లాడు. ఆవిడ దిగిన రోజే వాణ్ణి తెచ్చి ఒళ్ళో పెట్టారట. అప్పట్నుంచీ వాడు దిగలేదు.

మా ఊళ్ళో అప్పుడు ఒక్కటే ఎస్టీడీ బూత్. నెలకోసారి ఆ ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. అవతల ఎవరు ఎత్తినా నాకు అరబ్బీ రాదు కాబట్టి, "వదిన, వదిన" అని అరిచేవాణ్ణి. వాళ్ళు అదే ఆవిడ ఇంట్లో పిలుపు అనుకున్నారు. పాస్‌పోర్టులో ఉన్న బైబిలు పేరు మూలన పడింది. పెద్దాయన, అంటే వదినకి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఆయన దగ్గర్నుంచి చేపలబ్బాయి దాకా అందరూ "వదీనా" అనడమే. పిల్లాడికి మాటలు వచ్చాక మొదట అన్నది కూడా అదేనట. ఇది చెబుతూ వదిన కళ్ళు మెరిసేవి. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆవిడని అలా పిలిచే సొంత మరిదిని లోకంలో నేనొక్కణ్ణే. ఉన్న ఒక్క ఆస్తినీ ఫోన్ చేసి మరీ వాళ్ళకి రాసిచ్చినట్టయింది. వరస ప్రకారం చూస్తే వాళ్ళందరూ నాకు తోడబుట్టినవాళ్ళయ్యారు, కఫీల్‌తో సహా.

తర్వాత ఆ పెద్దాయనే ఎవరికో చెప్పి నాకు డ్రైవర్ వీసా తెప్పించాడు. అలా నేనూ వచ్చాను. నేను షార్జాలో, ఆవిడ కొండలకి అవతల. పండక్కో పబ్బానికో చూసుకునేవాళ్ళం. నేను ఎప్పుడు వెళ్ళినా ఆ పిల్లాడు ఆవిడ చెంగు పట్టుకునో, ఒళ్ళో తల పెట్టుకునో ఉండేవాడు. ఆవిడ వాణ్ణి బుజ్జోడు అనేది. ఆరడుగులు ఎదిగి, గడ్డం పెంచి, పోర్టులో ఆఫీసరై, తెల్లటి పొడుగు కందూరా వేసుకుని కారు దిగినా బుజ్జోడే.

మా నడకలు మొదలైంది కరోనా ఏడాది. పెద్దాయన తల్లికి షుగరు, నడవమని డాక్టర్ చెప్పాడు. ఆవిడకేమో మనిషిని చూస్తే భయం. ఒడ్డున నడిచే రోడ్డు తెరిచాక కూడా అక్కడికి రానంది. అందుకని వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని, చేపల పడవలు లాగిపెట్టే చోటు దాటించి, కొండ కిందకి తీసుకెళ్ళేది. అక్కడ కొండ తిన్నగా సముద్రంలోకి కాళ్ళు జాపుకున్నట్టు దిగుతుంది. దాని పాదాల మీదుగా ఒక కాలిబాట. చాలా చిన్నది. చుట్ట అంటిస్తే ఆరేలోపు అయిపోతుంది. ఒకవైపు నల్లటి రాయి, ఇంకోవైపు నీళ్ళు, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా. చివర్న గులకరాళ్ళ ఒడ్డు, జంపఖానా పరిచేంత. ఎప్పుడో ఒక గాలం వేసేవాడు తప్ప అటు ఎవరూ రారు.

కొన్నాళ్ళకి ఆ ముసలావిడ పోయింది. వదిన నడక మానలేదు. సెలవు రోజున నన్ను రమ్మనేది. ఎండాకాలం తెల్లవారగానే, చలికాలం పొద్దు వాలాక. నాకు నడక మీద అంత మక్కువ లేదు. వారమంతా బాటిళ్ళు మోసినవాడికి సెలవు రోజున మోకాళ్ళని గుర్తు చేసుకోవడం ఇష్టం ఉండదు. కానీ ఆ కాసేపూ ఆవిడ నా ఒక్కడితోనే ఉండేది. బుజ్జోడు రాడు. వాడికి శుక్రవారాలు స్నేహితులు, కార్లు. అందుకని వెళ్ళేవాణ్ణి.

వదిన ముందు, నేను వెనక. ఆవిడ కాళ్ళకి రబ్బరు చెప్పులు. నా కాళ్ళకి దుబాయ్ డేరా బజార్లో కొన్న బూట్లు, రాళ్ళ మీద జారవని దుకాణంవాడు ఒట్టేసి ఇచ్చినవి. జారేది నేను. ఆవిడ పొడుగు జలాబియా కాస్త ఎత్తి పట్టుకుని, ప్రతి రాయినీ ముందు బొటనవేలితో తట్టేది. తట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు బరువు వేసేది. "రాయిని అడిగి ఎక్కాల్రా. సెప్పకుండా ఎక్కితే దానికీ కోపమొస్తది," అనేది. ఇంకా ఎంత దూరం అని నేను అడిగితే ఊరుకునేది కాదు. "ఎంత దూరం, ఎంత దూరం అంటే దూరానికి పొగరొస్తది. మాటాడకుండా నడు." ఈ దారికి ఉన్న దూరమే కాస్త, దానికి పొగరు ఏం వస్తుందని నేను.

ఒకసారి ఎవరో కాలేజీ మేష్టారు పిల్లల్ని వెంటేసుకుని అక్కడికి వచ్చాడు. ఇది మామూలు రాయి కాదు, ఎన్నో యుగాల కిందట సముద్రం అడుగున భూమి లోపల మరిగి, గడ్డకట్టి, ఆ తర్వాత పైకి వచ్చింది అని హిందీలో చెప్పాడు. నేను వదినకి తెలుగులో చెప్పాను. ఆవిడ చుట్టూ చూసింది. నల్లగా కొంత, తుప్పు పట్టిన ఇనుములా కొంత, విరిగిన చోట పాచిరంగులో కొంత. "అడుగంటిందన్నమాట," అంది. "ఎవరో పొయ్యి మీద పెట్టి మరిసిపోయారు." తరవాత కొంత దూరం నడిచాక, "తోమేవాళ్ళు కూడా లేరు పాపం," అంది.

చివరి గులకరాళ్ళ ఒడ్డున కూర్చుని చిన్న స్టీలు డబ్బా విప్పేది. జంతికలు, ఫ్లాస్కులో పాలు లేని సులేమానీ చాయ్. లంగరేసిన ఓడలు దూరంగా కదలకుండా ఉండేవి. జంతికల్ని మూడు వాటాలు వేసేది. ఒకటి నాకు, ఒకటి తనకి. మూడోది మళ్ళీ డబ్బాలోకి. అది బుజ్జోడికి. ఏ ఒక్క వారమూ మూడో వాటా నా వాటా కంటే చిన్నదిగా లేదు. నేను చూడనట్టు ఓడల వైపు చూసేవాణ్ణి. ఓడలూ నా వైపు అలాగే చూసేవి.

నడకంతా వాడి గురించే. నేను ఒక రాయి మీద తడబడితే చాలు.

"బుజ్జోడైతే దీని మీద పరిగెడతాడు."

"వాడి వయసెంత, నా వయసెంత వదినా?"

"నీ వయసొచ్చినా పరిగెడతాడు."

"సరే, అప్పుడు చూద్దాంలే."

"నువ్వేం సూత్తావు? అప్పటికి నిన్ను నలుగురు మోసుకు రావాల."

బుజ్జోడు చాయ్‌లో పంచదార మానేశాడు. బుజ్జోడు ఎంత పనిలో ఉన్నా రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు. బుజ్జోడు కాకరకాయ వేపుడు అన్నం లేకుండా ఉత్తదే తింటాడు. "అరబ్బు పిల్లాడ్రా. ఆడు తింటన్నాడు. నువ్వు కోనసీమోడివి, మూతి ముప్పై వంకర్లు తిప్పుతావు." యాభై దాటినవాణ్ణి, మనవడు పుట్టబోతున్నవాణ్ణి, సముద్రం ఒడ్డున కాకరకాయ గురించి మాట పడుతున్నాను. కాలవ అవతలివాడు చివరికి దొరికాడు అనుకున్నాను. వాడు అరబ్బుల ఇంట్లో పుట్టాడు, నేను వెతికింది మా ఊళ్ళో.

ఒక చలికాలం సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేశాను. ఎన్నాళ్ళు ఇలా, ఇంటికి వచ్చేస్తావా, లేక వాళ్ళ మనిషివే అయిపోయావా అని. గొంతులో వెటకారం పెడదామనుకున్నాను. అది వేరేగా వచ్చింది. వదిన డబ్బా మూత పెడుతూ ఆగి, నా మొహం వైపు చాలాసేపు చూసింది. "నేను పోయినాక నన్ను మనూరు అట్టుకుపోరా," అంది. "మీ అన్నయ్య పక్కన కాత్త జాగా ఉంది. అక్కడ పెట్టు." నాకు లోపల, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, పందెం గెలిచినంత సంబరంగా ఉంది. జంతికలు ఎవరు ఎన్నయినా తిననీ, చివరికి ఆవిడ నాది.

అందుకే నేను వ్యాన్‌లో వచ్చిన ఆ శుక్రవారం సాయంత్రం ఆ ఇంట్లో నా తలలో అంత గొడవ జరిగింది. పైకి ఎవరూ గొంతు పెంచలేదు. వదినని ఆస్పత్రివాళ్ళు అప్పటికే తీసుకెళ్ళారు. భోజనం చేసి, గిన్నెలు సర్ది, కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళిందట. గుండె ఆగిందన్నారు. మగవాళ్ళు కూర్చునే హాల్లో చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చి గోడల వెంట కూర్చున్నారు. తమ ఇంటి మనిషి పోతే ఎలా కూర్చుంటారో అలాగే. ఖహ్వా కాఫీ గిన్నెలు తిరుగుతున్నాయి. నన్ను పెద్దాయన తన పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ ఈయన వదీనా తమ్ముడు అని చెప్పాడు. నేను దిద్దలేదు.

జనం పలచబడ్డాక, ఆవిణ్ణి మా ఊరికి తీసుకెళ్తానని చెప్పాను. అప్పటిదాకా గుమ్మం దగ్గర తల వంచుకుని ఉన్న బుజ్జోడు లేచి వచ్చాడు. హిందీలో, నెమ్మదిగా, అలా కాదు అన్నాడు. ఆవిడ ఎక్కడికీ వెళ్ళనని తనకి మాట ఇచ్చిందట. బతికినా చచ్చినా ఇక్కడే అందట. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. నా వదిన చివరి కోరిక నాకు వీడు చెప్పేవాడా? నాతో చెప్పింది వేరు అన్నాను. అతను నా కళ్ళలోకి చూసి, నాతో చెప్పింది ఇదే అన్నాడు. పెద్దాయన మధ్యలో చెయ్యి ఎత్తాడు. రక్తసంబంధం మీది, మీ మాటే మాట, రేపు సాయంత్రంలోగా చెప్పండి, ఏం కావాలన్నా మేం చేస్తాం అన్నాడు. అంటే గెలిచాను. గెలిచినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టాలి కదా, పట్టలేదు. మా ఆవిడకి ఊరికి ఫోన్ చేస్తే, అంతా విని, "ఆవిడ ఇక్కడెక్కువ ఉందా, అక్కడెక్కువ ఉందా? నువ్వే ఆలోచించుకో," అని పెట్టేసింది.

తెల్లవారాక బుజ్జోడు నా దగ్గరికి వచ్చాడు. తెలుగులోకి దిగాడు. "రా. నడు," అన్నాడు. ఆ భాషలో అతనికి అడగడం రాదు, పిల్లలకి చెప్పినట్టు చెప్పడమే వచ్చు. వెళ్ళాను.

పడవల దగ్గర చెప్పులు సరిచేసుకుని అతను ముందు నడిచాడు. ఆ చోటు ఇన్నేళ్ళూ వదినది. వెనక నుంచి ఆవిడ వీపు తప్ప ఇంకొకరి వీపు ఆ దారిలో నేను చూడలేదు. కందూరా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, బొటనవేలితో రాయిని తట్టి, ఆగి, అడుగు వేస్తున్నాడు. అచ్చం అలాగే. ఇదెప్పుడు నేర్పింది వీడికి? నాతో శుక్రవారాలు నడిచిన మనిషి, మిగతా వారమంతా వీడితో నడిచిందా? నేను నాది అనుకున్న దారి కూడా ఉమ్మడిదేనా? వెనక్కి తిరిగి, "సూసి అడుగెయ్యి. అక్కడ జారుద్ది," అన్నాడు. ఆవిడ మాట, ఆవిడ యాస, గడ్డం ఉన్న నోట్లోంచి. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఏది ముందు తుడుచుకోవాలో తెలియలేదు.

సగం దారిలో ఒక రాయి ఉంది, నీళ్ళ మీదకి వంగి. దాని దగ్గర అతను ఆగిపోయాడు. కాలు పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు. చివరికి కందూరా దోపుకుని, రెండు చేతులూ రాయి మీద ఆనించి, పిల్లిలా పాకుతూ దాటాడు. పోర్టు ఆఫీసరుగారు. దాటి, సిగ్గుగా నా వైపు చూశాడు. నేను కూడా అక్కడ ఎప్పుడూ పాకే దాటుతాను. పాకుతూ అతని దగ్గరికి చేరాను. అతను నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. మీరు పాకుతారా అని హిందీలో అడిగాడు.

ఈ దారిలో కాలు పెట్టిన ప్రతిసారీ అని చెప్పాను.

మీరు కళ్ళు మూసుకుని దీన్ని దాటేస్తారట కదా అన్నాడు. చిన్నప్పుడు కాలవ మీద తాటిదుంగ మీద పరుగులు తీసేవారట కదా, రాయి మీ కాలికి భయపడుతుందట కదా. తను పడిపోయినప్పుడల్లా ఆవిడ అదే చెప్పేదట. మా మరిది అయితే పడడు. మా మరిది అయితే ఏడవడు. మా మరిది మూడో తరగతిలోనే గిన్నెడు కాకరకాయ తినేవాడు, మారు అడిగేవాడు.

నేను ఆ రాయి మీదే కూర్చుండిపోయాను. కాకరకాయ నేను ఈ రోజుకీ తినను అని చెప్పాను. అతను నమ్మలేదు. ఒట్టు వేయించుకున్నాడు. తను దాన్ని పుట్టినప్పటి నుంచీ అసహ్యించుకున్నాడట. నన్ను ఓడించాలని కళ్ళు మూసుకుని మింగేవాడట. ఫోన్‌లో నా గొంతు వినపడితే చిన్నప్పుడు రిసీవరు విసిరేసేవాడట. నేను వచ్చినప్పుడల్లా ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది నిద్ర వచ్చి కాదట, నాకు జాగా ఇవ్వకూడదనట. శుక్రవారాలు ఈ దారికి రానిది స్నేహితుల కోసం కాదు. ఆ రోజు మా మరిదిది, నువ్వు రావద్దు అని ఆవిడ గట్టిగా చెప్పేసిందట. వారంలో ఒక రోజు ఆవిణ్ణి నేను ఎత్తుకుపోతున్నానని ఇన్నేళ్ళు కుళ్ళుకున్నాడు.

నేను అడిగాను, జంతికల సంగతేంటి అని. శుక్రవారం రాత్రి తన వాటా ఇచ్చేటప్పుడు, పెద్ద వాటా మా మరిది తినేశాడు, నీకు మిగిలింది ఇదే అనేదట.

నవ్వు ఎవరికి ముందొచ్చిందో తెలియదు. గాలం వేసుకునే పెద్దమనిషి ఒకాయన అవతలి రాయి మీంచి మమ్మల్ని చూశాడు. ఒక కందూరా, ఒక నీళ్ళ కంపెనీ చొక్కా, పొద్దున్నే రాళ్ళ మీద కూర్చుని పొట్టలు పట్టుకుని. వదిన మమ్మల్నిద్దర్నీ ఒకే కర్రతో తోలింది. నాకు వాడు కర్ర, వాడికి నేను కర్ర. ఇద్దరం ఒకరికొకరం భయపడుతూ ఆవిడ చెప్పినట్టల్లా పెరిగాం. నిజంగా రాళ్ళ మీద పరిగెత్తేవాడు, కాకరకాయ తినేవాడు లోకంలో ఎక్కడా లేడు.

చివరి ఒడ్డుకి చేరాం. అతను ఏం అడుగుతాడా అని చూశాను. ఊరి సంగతి ఎత్తుతాడనుకున్నాను. ఆవిడ భర్తతో ఎలా ఉండేది అని అడిగాడు. నవ్వేదా?

నవ్వేది అని చెప్పాను. అన్నయ్య తీర్థం నుంచి జీళ్ళు తెచ్చి చొక్కా జేబులో దాస్తే, అవి కరిగి చొక్కాకి అంటుకుపోతే, ఆ చొక్కానే నోట్లో పెట్టుకుని చప్పరించి, పడీ పడీ నవ్విన మధ్యాహ్నం చెప్పాను. జడ మోకాళ్ళ దాకా ఉండేదని చెప్పాను. కాలవలో ఈదేదని చెప్పాను. అతను మొదట్లో నవ్వుతూ విన్నాడు. తర్వాత నవ్వడం మానేశాడు. పెదవులు బిగించి ఓడల వైపు చూశాడు. ఆ మొహం నాకు బాగా తెలుసు. మూడో వాటా డబ్బాలోకి వెళ్ళేటప్పుడు అద్దం ఉంటే నాకు కనపడేది అదే మొహం.

అప్పుడు అడిగాను, ఆవిడ ఎక్కడికీ వెళ్ళనని ఎప్పుడు చెప్పింది అని. ఒక రోజు తను అడిగాడట, మీ మరిది వెంట వెళ్ళిపోతావా అని. ఆవిడ తన మొహం చాలాసేపు చూసి చెప్పిందట. అతను ఆ మాటని తెలుగులోనే అప్పజెప్పాడు. "నేనెక్కడికెల్తానురా నాన్నా. నన్నిక్కడే పెట్టండి."

సరే. నా మొహం చూసి నాకు కావలసింది నాకు చెప్పింది. వాడి మొహం చూసి వాడికి కావలసింది వాడికి చెప్పింది. తనకేం కావాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఇద్దరం అడిగింది ఆవిడ ఎవరిది అని.

ఆలోచించాను. ఊళ్ళో అన్నయ్య పక్కన జాగా ఉంది. కానీ అక్కడ ఆవిడ కోసం పోట్లాడుకునేవాళ్ళు ఎవరూ లేరు. పోట్లాడుకునే ఇద్దరం ఇక్కడ ఉన్నాం. నేను ఇంకొన్నేళ్ళు ఇక్కడే ఉంటాను. ఆ జాగాలోకి నేనే వస్తాలే అని అన్నయ్యకి మనసులో చెప్పుకున్నాను. పైకి అతనితో, షార్జాలో మా క్రైస్తవుల సమాధుల తోట ఉంది, అక్కడ పెడదాం అన్నాను. ఇంటికి తీసుకెళ్ళను, ఇక్కడే ఉంటుంది, నీ మాట నెగ్గింది అన్నాను.

అతను కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కాస్త ఆలోచించాడు. పోర్టులో సరుకు ఎక్కడ దించాలో చూసుకునేవాడు కదా.

"షార్జా నీకు దగ్గర," అన్నాడు తెలుగులో.

"మరి పెద్దోణ్ణి," అన్నాను.

"నేను కొండ దాటి రావాల."

"రా. ఎవరొద్దన్నారు?"

తిరుగుదారిలో వంగిన రాయి దగ్గర నాకు చెయ్యి అందించాడు. పట్టుకున్నాను, కానీ పాకడం మానలేదు.

సమాధి రోజున దుబాయ్ నుంచి, షార్జా నుంచి, అజ్మాన్ నుంచి మా గోదావరి ఆడవాళ్ళు వ్యాన్లు కట్టించుకుని వచ్చారు. ఇళ్ళలో సెలవు అడుక్కుని వచ్చినవాళ్ళే అందరూ. కీర్తనలు పాడారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా పెద్దాయన, బుజ్జోడు కాస్త ఎడంగా తల వంచుకుని నిలబడ్డారు. పెట్టె తాళ్ళతో దించుతున్నప్పుడు ఒకవైపు ఒరిగింది. బుజ్జోడు గబగబా ముందుకొచ్చాడు. "మెల్లగా," అన్నాడు. "మెల్లగా. సూసి." తెల్లటి బట్టలతో మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టె నేలకి ఆనేదాకా ఒక చేత్తో తాడు పట్టుకునే ఉన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి, ఈ అరబ్బు ఎవరు, తెలుగు మాట్లాడుతున్నాడేంటి అని నన్ను అడిగారు.

మా తమ్ముడు అని చెప్పాను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం పొద్దున్నే పూలు తీసుకుని అక్కడికి వెళ్తాను. మొదటి వారం నేను వెళ్ళేసరికే సమాధి మీద మట్టి తడిసి ఉంది. ఎవరు వచ్చారని కాపలాదారుని అడిగితే, ఖోర్ ఫక్కాన్ బండి, ఇప్పుడే వెళ్ళింది అన్నాడు. రెండో వారం చీకటితోనే లేచాను. అప్పటికీ తడిసే ఉంది. ఆ కొండలన్నీ దాటి ఎప్పుడు బయలుదేరుతున్నాడో, అసలు పడుకుంటున్నాడో లేదో. మొన్న వారం గేటు తెరిచే వేళకే దాని ముందు నిలబడ్డాను. లోపల్నుంచి వాడే ఎదురొచ్చాడు, చేతిలో ఖాళీ బిందె. కాపలాదారుడితో స్నేహం చేసుకున్నట్టున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

నేను పూలు పెట్టి నిలబడ్డాను. ఎండ ఎక్కుతోంది. మట్టి అంచుల దగ్గర తెల్లబడటం మొదలైంది. తడి నాలుగు వైపుల నుంచీ మెల్లగా లోపలికి తగ్గుతూ, తగ్గుతూ, ఆవిడ గుండెల మీద అరచేయంత నల్లటి మచ్చ మిగిలింది. అది ఆరేదాకా అక్కడే ఉన్నాను.